అరవై దాటని బండి

మా ఆయన కారు నడుపుతుంటే పక్కన కూర్చోవడానికి ఓపిక చాలదు, మొండి ధైర్యం కావాలి. వెనకాల వచ్చే ప్రతి బండీ హారన్ కొట్టి, పక్కకొచ్చి మన మొహాలు చూసి మరీ పోతుంది. ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ముల్లు అరవై మీద నిలబడి ఉండాలి, అంతే. అరవైలో పోతే లీటరుకు ఇరవై అయిదు కిలోమీటర్లు, ఎనభైలో పోతే పంతొమ్మిది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఈ మాట నేను అన్నం కంటే ఎక్కువసార్లు తిన్నాను.

ఆయన ఉద్యోగమే అది. బస్సు డిపోలో డ్రైవర్లకు డీజిల్ చుక్క చుక్కా పొదుపు చేయడం నేర్పుతారు. డ్రైవర్లు ఎదురుగా ‘సార్’ అంటారు, అటు తిరగగానే ‘చుక్కల మాస్టారు’ అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసి లోపల మురిసిపోతారు కూడా.

నా ఉద్యోగం సెలవులు. నాలుగు దేశాల్లో ఆఫీసులున్న కంపెనీలో సెలవుల అర్జీలన్నీ నా బల్ల మీదుగానే పోతాయి. ఒక దేశంలో వాళ్ళకు ఏడాదికి ముప్పై రోజులు. అవి వాడుకోకపోతే ‘ఈ మనిషిని వెంటనే ఇంటికి పంపండి’ అని పైనుంచి మాకు చీవాట్లు. ఇంకో దేశంలో వేసవి నెలంతా ఆఫీసుకు తాళమే. మాకు మాత్రం పన్నెండు రోజులు. అందులోనూ అందరూ అడిగే రోజు అడిగితే లేదు. ఊరందరికీ వరసగా మూడు రోజులు సెలవులొచ్చిన ఆ వారం, శుక్ర, శనివారాలు నాకూ కావాలని మా పై అధికారి ముందు నిలబడితే, ‘సెలవుల సీటు ఖాళీగా ఉంటే ఎలాగమ్మా?’ అన్నాడు. చివరికి శనివారం ఒక్కరోజు దొరికింది. మా ఆయనకు పండగ రద్దీలో డిపో వదలడం కుదరదు. అయినా డిపో మేనేజర్ కాళ్ళావేళ్ళా పడి అదే శనివారం సంపాదించుకున్నారు.

ఇంత తంటా ఎందుకంటే, ఆ శనివారం మా చెల్లెలి ఓడ రేవుకు వస్తోంది.

చెల్లెలు సరుకుల ఓడలో వంట చేస్తుంది. పది నెలల పాపను నా చేతుల్లో పెట్టి, ‘తొమ్మిది నెలలే అక్కా, కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చేస్తా’ అని వెళ్ళింది. పాప తండ్రి మాట మా ఇంట్లో ఎత్తం. ఆ తొమ్మిది నెలలూ ఇరవై అయ్యాయి. ఆ ఓడకు యజమాని ఒక దేశం, జెండా ఒక దేశం, పనివాళ్ళు అయిదు దేశాలు. ఇంజినీరు మూడు నెలలు పనిచేసి రెండు నెలలు ఇంటికి పోతాడు. వంటమనిషికి మాత్రం, బదులు మనిషి దొరికినప్పుడే సెలవు. ఇంకో ఏడు నెలలదాకా దొరకడట.

ఈసారి ఆమెకు ఇచ్చింది మూడు గంటలు. పన్నెండు నుంచి మూడు దాకా రేవు గేటు బయట నిలబడటానికి పాసు. మూడింటికి లోపల లేకపోతే ఓడ ఆమెను వదిలి పోదు గానీ, ఉద్యోగం ఆమెను వదిలి పోతుంది.

పాపకు ఇప్పుడు రెండున్నరేళ్ళు. ఫోన్లో కనిపించే తల్లిని ‘ఓడమ్మ’ అంటుంది. నన్ను అమ్మ అంటుంది. ఎవరూ నేర్పలేదు. వద్దని నేనూ అనలేదు.

మూడు వందల ఇరవై కిలోమీటర్లు. పొద్దున అయిదున్నరకు బయల్దేరాం. ముందురోజే ఆయన బండికి చేయాల్సిన సేవలన్నీ చేసేశారు. టైర్లలో గాలి కొట్టవలసిన దానికంటే ఎక్కువ కొట్టించారు, బండి తేలిగ్గా దొర్లుతుందట. నా సంచి కాటా మీద పెట్టి, ‘రెండు చీరలెందుకు, ఒకరోజేగా?’ అన్నారు. డిపోలో నల్లబల్ల మీద డ్రైవర్ల మైలేజీలు రాస్తారు. ఈసారి తన కారుది ఇరవై ఆరు రాసి చూపిస్తానని వాళ్ళతో పందెం కట్టినంత పని చేశారట.

“పదకొండున్నరకు అక్కడుంటాం. పన్నెండుకు గేటు దగ్గర మనమే ఎదురుచూస్తాం, చూడు” అన్నారు.

తొమ్మిదింటికి టోల్‌గేటు దగ్గర లోకమంతా ఆగి ఉంది. మాకు ఒక్కరోజే గానీ ఊళ్ళన్నిటికీ మూడు రోజుల సెలవు, కారు నెత్తి మీద పరుపులు కట్టుకున్న ప్రతి కుటుంబమూ రోడ్డు మీదే. గంటా ముప్పావు అక్కడే పోయింది. పది సెకన్లు కదలకపోతే ఆయన ఇంజన్ ఆపేస్తారు. ఏసీ మాట సరేసరి. పాప చెమటకు తడిసి ముద్దయింది. “ఏసీ వేయండీ” అంటే, “కదిలితే గాలొస్తుంది కదా” అన్నారు. కదిలితే కదా.

రోడ్డు ఖాళీ అయ్యాక కూడా ముల్లు అరవై దాటలేదు.

“కాస్త తొక్కండీ.”

“తొక్కితే పది నిమిషాలు కలిసొస్తాయి. దానికి రెండు లీటర్లు తగలెయ్యాలి.”

“చెల్లికి ఉన్నవి మూడు గంటలండీ! పిల్లను చూసుకోవద్దా?”

“ఒంటిగంటకల్లా పోతాం. రెండు గంటలుంటాయి. కంగారు పడకు.”

పన్నెండింటికి చెల్లెలు ఫోన్ చేసింది. రేవు గేటు పక్కన నావికుల గదిలో ఉందట. “అక్కా, బయటికొచ్చేశా. ఎక్కడున్నారు?” ఆ గొంతులో ఏడుపూ నవ్వూ కలగలిసిపోయాయి. దగ్గరికొచ్చేశాం అన్నాను. ఇంకా డెబ్బై మూడు కిలోమీటర్లున్నాయి.

ఆ తర్వాత పది నిమిషాలకే వెనక టైరు ఢామ్మని పేలింది.

మా ఆయన మంచి డ్రైవరే. బండిని అటూ ఇటూ పోనివ్వకుండా మెల్లగా పక్కకు తీశారు. దిగి టైరు చూశారు, ముక్కలు ముక్కలుగా ఉంది. డిక్కీ దగ్గరికి వెళ్ళలేదు. అక్కడే తల పట్టుకుని నిలబడ్డారు.

“స్టెప్నీ తియ్యండి మరి” అన్నాను.

“లేదు.”

“లేకపోవడమేంటి?”

“పదిహేను కిలోల బరువు కదా అని... ఇంట్లో పెట్టేశా.”

జాకీ మాత్రం డిక్కీలోనే ఉంది. “అదెందుకు ఉంచారు, దిష్టికా?” అన్నాను. నోటికొచ్చిందల్లా అనేశాను. మీ చుక్కలు మండిపోను అన్నాను, మీ నల్లబల్ల మీద నా చెల్లెలి పేరు కూడా రాసుకోండి అన్నాను. ఆయన జాకీ వేసి చక్రం ఊడదీస్తున్నారు.

చక్రం చేతికొచ్చేసరికి బస్సొకటి వచ్చి ఆగింది. వాళ్ళ డిపోదే. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, “ఏంటి సార్, మీరే రోడ్డు మీద పడ్డారు?” అన్నాడు. జాలికంటే సంతోషమే ఎక్కువ కనిపించింది ఆ మొహంలో. తొమ్మిది కిలోమీటర్ల అవతల టైర్ల షాపు ఉందట. బస్సు పోయేది రేవు ఊరికే.

మా ఆయన మొహం వెలిగింది. “నువ్వూ పాపా ఇందులో వెళ్ళిపోండి. రెండింటికల్లా గేటు దగ్గరుంటారు. నేను టైరు వేయించుకుని వెనకాల వస్తా.”

నేను బస్సులోకి చూశాను. నడవలో కూడా జనం నిండా ఉన్నారు.

“నిలబడి రాలేను, పాపకు వాంతులవుతాయి. మీరు వెళ్ళి రండి” అన్నాను.

“సర్దుతారమ్మా, ఎక్కండి” అన్నాడు డ్రైవరు.

“వద్దు బాబూ.”

మా ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, చక్రం ఎత్తుకుని బస్సెక్కారు.

రోడ్డు పక్కన చిన్న చెట్టు నీడలో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాప బిస్కెట్టు తింటూ, పోయే లారీలన్నిటికీ టాటా చెబుతోంది. అప్పటిదాకా ఆయన్ని తిట్టిన నోరు ఆయన పోగానే మూతబడింది. తిట్టడానికి ఇంక నేనే మిగిలాను.

చెప్పేస్తాను. ఆ స్టెప్నీ నేను పొద్దున్నే చూశాను. పాప చెప్పుల కోసం మంచం కింద చెయ్యి పెడితే రబ్బరు తగిలింది. వంగి చూస్తే నల్లగా, గుండ్రంగా, గోడకు ఆనించి ఉంది. దాని మీదే చెప్పులు. ‘ఏమండీ, ఇదేంటి ఇక్కడ’ అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయలేదు. చెప్పులు తీసి పాపకు తొడిగాను.

టైరు పేలాలని కోరుకున్నానా అంటే, లేదు. ఒట్టు. కానీ వారం రోజులుగా నాకు నిద్ర లేదు. పాప వాళ్ళమ్మను చూసి ఎగిరి దాని మెడ పట్టుకుంటే నేనేమైపోతాను? ఒకవేళ దాన్ని చూసి ఏడిచి నా దగ్గరికే వస్తే? అప్పుడు నాకు సంతోషం కలుగుతుందని కూడా తెలుసు. ఆ సంతోషమంటేనే ఎక్కువ భయం. దారిలో ‘తొక్కండీ తొక్కండీ’ అని అరిచింది నా నోరే, బస్సెక్కనని అడ్డంపడిందీ నా నోరే. వాంతులట! పాప ఊయల్లో గంటసేపు ఊగినా దాని కడుపు కదలదు.

ఫోన్ మోగింది. “అక్కా, ఒంటిగంటయింది.” ఇంకాసేపటికి మళ్ళీ. “అక్కా, ఒంటిగంట పావు. గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగా, మూడు దాటితే ఒక్క నిమిషం కూడా ఇవ్వనన్నాడు. పర్లేదులే, మీరు జాగ్రత్తగా రండి. బావను తిట్టకు.” ఆ చివరి మాటకు నాకు ఏడుపు ఆగలేదు. పాప బిస్కెట్టు నా నోట్లో పెట్టి, “ఏడవకు అమ్మా” అంది.

ఒకటీ నలభైకి లారీలోంచి దూకారు ఆయన. పాత టైరేదో వేయించారు. బోల్టులు బిగిస్తూ రొప్పుతూ చెబుతున్నారు. “తొక్కవయ్యా బాబూ తొక్కు అని మొత్తుకున్నానే! ‘అరవై దాటొద్దని మీరేగా సార్ చెప్పింది’ అంటాడు వెధవ. నన్ను ఎక్కించుకుని, నాకే పాఠం చూపించాడు.”

ఇంకో రోజయితే పడీ పడీ నవ్వేదాన్ని.

ఆ తర్వాత ఆయన నడిపిన తీరును నేను అంతకు ముందు చూడలేదు. ముల్లు ఎనభై దాటింది, వంద దాటింది, నూట పది దగ్గర వణికింది. బ్రేకు తొక్కుతున్నారు, మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కుతున్నారు, డ్రైవర్లకు వద్దని చెప్పేవన్నీ చేస్తున్నారు. అడక్కుండానే ఏసీ వేశారు. నేను సీటు అంచు పట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండుంబావు. రేవు ఊళ్ళో వరసగా మూడు ఎర్రదీపాలు. ఆయన స్టీరింగు మీద పిడికిలితో కొట్టారు, ఇంజన్ మాత్రం ఆపలేదు. రెండున్నర. రెండూ ముప్పై తొమ్మిదికి గేటు కనపడింది.

ఎర్రటి ఎండలో గేటు ముందు నిలబడి ఉంది చెల్లెలు. సగమైపోయింది. చేతిలో రేకు డబ్బా, ఓడలో తను కాల్చిన బిస్కెట్లు. కారు ఆగకముందే తలుపు పట్టుకుంది.

“తప్పంతా నాదేనమ్మా” అన్నారు మా ఆయన దిగుతూనే. ఆమె వినలేదు. పాపనే చూస్తోంది.

“ఓడమ్మ వచ్చిందిరా, చూడు” అన్నాను.

పాప చూసింది. ఫోన్లో ఉండే మనిషి ఇంత పొడుగ్గా ఉంటుందని అనుకోలేదేమో, గిరుక్కున తిరిగి నా మెడలో మొహం దాచుకుంది. రెండు చేతులతో గట్టిగా పట్టేసుకుంది. నేను భయపడ్డ ఆ సంతోషం నిజంగానే వచ్చింది. ఒంట్లో అంతటా పాకింది. చెల్లెలు చాచిన చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

“తొందరేం లేదక్కా, అలవాటు పడనీ” అంది. పద్దెనిమిది నిమిషాలున్న మనిషి అనే మాటేనా అది?

పాప చేతులు నా మెడ నుంచి ఒక్కొక్కటిగా విడదీశాను. చెల్లెల్ని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, పాపను దాని ఒళ్ళో పడేసి, తలుపు వేసేశాను. పాప కెవ్వుమంది. ఇంకా చూస్తూ ఉంటే తలుపు తీసేస్తానని తెలిసి, నేను కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను, దానికి కనపడకుండా.

మా ఆయన అక్కడే ఉన్నారు. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఏసీ నీళ్ళు కింద బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

“బండి ఆపకండి, లోపల ఉడికిపోతారు” అన్నాను.

“ఆపను.”

అప్పుడు చెప్పేశాను. “స్టెప్నీ మంచం కింద ఉందని నాకు పొద్దున్నే తెలుసు.”

ఆయన నావైపు తిరగలేదు. “తెలుసు. దాని మీద చెప్పులు పెట్టింది నేనే. చూసి తిడతావు, తిడితే తెచ్చి బండిలో పడేద్దామనుకున్నా. నువ్వు తిట్టలేదు. సరే, స్టెప్నీ వదిలెయ్యడం నీకూ ఇష్టమే కాబోలు అనుకున్నా.”

“మరి బస్సు దగ్గర...”

“అప్పుడు అర్థమైంది, ఎందుకు తిట్టలేదో.”

మండే రోడ్డు మీద ఇద్దరం దొంగల్లా నిలబడ్డాం. లోపల ఏడుపు మెల్లగా తగ్గింది, ఎక్కిళ్ళలోకి దిగింది. రేకు డబ్బా మూత తీసిన చప్పుడు. చెల్లెలు ఏదో చెబుతోంది, మాటలు తెలియడం లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ మణికట్టు చూసుకున్నాడు. ఇంకా ఏడు నిమిషాలు.

అప్పుడు పిలిచింది పాప. “అమ్మా!”

నా కాలు దానంతటదే ముందుకు పడింది. మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. నోటిదాకా వచ్చిన పలుకును మింగేశాను.

“ఊఁ, ఏంటమ్మా” అంది లోపల చెల్లెలు.