అర్థం అడగని వాళ్లు లేని నా పేరు

నేను లిఫ్టులు బాగుచేస్తాను. ఇవాళ రెండంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయిన ఒక పెద్దావిడకు ధైర్యం చెబుదామని తలుపు సందులోంచి నా పేరు చెప్పాను. ఆవిడ ఏడుపు ఆపేసి, "అదేం పేరు బాబూ? అర్థమేంటి?" అని అడిగింది.

ప్రాణం మీదికొచ్చినా అదే ప్రశ్న! ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు ఇదే గోల. ఇంటర్నెట్టంతా గాలించినా ఆ పేరుతో నేను తప్ప మరో మగపురుగు కనబడదు.

ఒళ్లు మండిపోయి, ఇంటికి రాగానే నాన్నను నిలదీశాను. "ఎక్కడ దొరికింది నాన్నా నీకీ పేరు?"

నాన్న తాపీగా కళ్లజోడు తుడుచుకున్నాడు.

"నువ్వు పుట్టగానే మా అమ్మ మా నాన్న పేరు పెట్టమంది. మీ అమ్మమ్మేమో వాళ్లాయన పేరే పెట్టాలంది. ఆస్పత్రి వరండాలో జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నాకు తిక్కరేగి, నోటికొచ్చిన పేరేదో అరిచేశా."

"అంటే దానికి అర్థమే లేదా?"

"అర్థమేంటని ఇద్దరూ ఒక్కటై నామీద పడ్డార్రా. పోయేదాకా మళ్లీ ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోలేదు. పక్కపక్కనే కూర్చుని నన్నే తిట్టేవాళ్లు."