తట్ట సీటు

స్లాబు కూలినప్పుడు క్లాసుల్లో ఉన్నవాళ్ళు పిడుగు పడిందనుకున్నారట. ముప్పై అడుగుల దూరంలో, నెత్తిన ఇసుక తట్టతో ఉన్న ఇంజినీరుకి మాత్రం చప్పుడే వినపడలేదు. గాలి వచ్చి చెంప మీద ఛెళ్ళుమనిపించింది. తట్ట ఎగిరిపోయింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బిల్డింగు లేదు, తెల్లటి దుమ్ము ఉంది. ఆ దుమ్ములోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఉంది. మణికట్టు దగ్గర నీలం చొక్కా అంచు.

"పొడుగోడు!" అని ఎవరో కేక పెట్టారు.

పద్నాలుగు మంది పిల్లలు వట్టి చేతులతో తవ్వారు. గోళ్ళు ఊడాయి. ఊచలు అరచేతుల్లో దిగాయి. ఒక్కొక్క పెచ్చూ నలుగురు పట్టి లేపితే గానీ కదల్లేదు. పొడుగోడి ముఖం బయటపడ్డాక ఇంకెవరూ తవ్వలేదు. ముఖం అనడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగల్లేదు.

అప్పుడొచ్చాడు కాంట్రాక్టరు. కాలేజీ కరస్పాండెంటుకి స్వయానా బావమరిది. అతని నోట వచ్చిన మొదటి మాట డాక్టర్ని పిలవండని కాదు, అయ్యో అని కూడా కాదు.

"జాకీలు! ఆ జాకీలన్నీ లారీలో పడెయ్యండ్రా. ఒక్కటి కూడా ఇక్కడ కనపడకూడదు."

స్లాబు కింద పోటు పెట్టే ఇనప జాకీలు పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. స్లాబు కూలాక ఎవరూ వాటిని తీసి పేర్చలేదు. తీసి పేర్చారు కాబట్టే స్లాబు కూలింది. ఆ సంగతి ఇంజినీరుకి తెలుసు. పోసిన మర్నాటి నుంచి ఆ స్లాబు మీద పొద్దున్నే నీళ్ళు కట్టింది తనే. తొమ్మిది పొద్దులు కట్టింది. ఇరవై ఒక్క రోజులు పోటు తియ్యకూడదని పుస్తకంలో ఉంది. తొమ్మిదో రోజున జాకీలు పీకుతుంటే "ఇంకా టైముంది సార్" అంది కూడా. కాంట్రాక్టరు నవ్వాడు. "అవతలి స్లాబుకి జాకీలు నీ బాబు తెస్తాడా? తట్ట మొయ్యవే, పాఠాలు చెప్పకు" అన్నాడు. ఆమె తట్ట మోసింది.

ఇంజినీరంటే ఇంకా ఇంజినీరు కాలేదు లెండి. సివిల్ ఆఖరి ఏడాది చదువుతున్న పిల్ల. వాళ్ళమ్మ కాంక్రీటు ముఠాకి మేస్త్రి. పిల్ల కాలేజీలో చేరిన రోజే ముఠా ఆడవాళ్ళు ఆ పేరు పెట్టేశారు. "ఇంజినీరు వస్తోందే, కొంగులు సర్దుకోండి" అని ఎకసెక్కాలాడేవాళ్ళు.

ఆ కాలేజీలో సీట్లు మూడు రకాలు. మార్కులొచ్చిన వాళ్ళకో సీటు, డబ్బున్న వాళ్ళకో సీటు. రెండూ కానివాళ్ళకి మూడోది. కాలేజీ పుస్తకంలో దాని పేరు స్వావలంబన పథకం. పిల్లలు పెట్టుకున్న పేరు తట్ట సీటు. ఫీజులో ఐదో వంతు తల్లి తెస్తుంది. మిగతా నాలుగు వంతులూ పిల్ల నెత్తి మీద తేవాలి. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు, నీలం చొక్కా వేసుకుని, కాలేజీ కడుతున్న కొత్త బిల్డింగుకి ఇసుకా కంకరా మొయ్యాలి. మధ్యలో మానేస్తే ఫీజు మొత్తం ఒక్కసారే కట్టాలి. కట్టేదాకా సర్టిఫికెట్లు కరస్పాండెంటు బీరువాలో ఉంటాయి. తాళం ఆయన జంధ్యానికో మొలతాడుకో కాదు, ఏకంగా కారు తాళాల గుత్తిలో ఉండేది. ఆయన ఊళ్ళో తిరుగుతుంటే నూట ఎనభై మంది చదువులు గలగల్లాడుతూ ఆయన జేబులో తిరిగేవి.

మర్నాడు కరస్పాండెంటు ఇంజినీరుని పిలిచాడు.

"కూర్చో తల్లీ" అన్నాడు. నాలుగేళ్ళలో ఆ గదిలో ఆమెని కూర్చోమన్నది అదే మొదటిసారి. బల్ల మీద టైపు చేసిన కాగితం, దాని మీద ఆమె హాల్ టికెట్. "సోమవారం నుంచి పరీక్షలు కదా. నువ్వు బంగారంలాంటి పిల్లవి. మిగతా ఫీజు కూడా తీసేద్దామనుకుంటున్నాం. నువ్వు కళ్ళారా చూశావు కాబట్టి, దీని మీద ఒక్క సంతకం. ఇంటికెళ్ళి చదువుకునే పెట్టు. రేపటికల్లా ఇచ్చి హాల్ టికెట్ తీసుకెళ్ళు."

బయట వరండాలో పొడుగోడి నాన్న నిలబడి ఉన్నాడు. ఫుట్‌పాత్ మీద మిషను పెట్టుకుని పాత బట్టలు కుట్టే దర్జీ. చేతిలో రక్తం ఎండిన నీలం చొక్కా. వచ్చేపోయే ప్రతి గుమాస్తాకీ దాని భుజం చూపిస్తున్నాడు.

"చూడండయ్యా. భుజం మీద రెండు వరసల అతుకు. సిమెంటు బస్తా ఒరుసుకుని చిరిగిపోతోంది నాన్నా అంటే నేనే వేశాను. వాడు పనిలో లేడంటున్నారు. పనిలో లేనోడికి భుజం మీద అతుకెందుకయ్యా?"

ఏ గుమాస్తా ఆగలేదు. ఇంజినీరు కూడా ఆగలేదు. కాగితం జాకెట్లో దోపుకుని, తల వంచుకుని ఆయన పక్కనుంచే వెళ్ళిపోయింది. ఆ పది అడుగులూ ఆమె జన్మలో మోసిన ఏ తట్టకన్నా బరువు.

ఇంట్లో మేస్త్రమ్మ కాళ్ళకి పట్టిన సిమెంటు గోకుతూ కూర్చుంది. కూతురు చెప్పింది విని వెంటనే అనేసింది:

"సంతకం పెట్టు."

"అమ్మా!"

"ఏంటే అమ్మా? పోయినోడు తిరిగొస్తాడా? నాలుగేళ్ళు మోశావు. నేను పాతికేళ్ళు మోశాను. నీ నెత్తి మీద తట్ట దిగుతుందంటే సంతకం కాదు, వేలు కోసిమ్మన్నా ఇస్తాను. పెట్టు."

"ఏం రాశారో వినవా?"

"చదువు, నీ సరదా ఎందుకు కాదనాలి."

ఇంజినీరు చదివింది. "మరణించిన విద్యార్థి పని వేళల్లో కాక, సిగరెట్టు కాల్చుకోవడానికి సొంత ఇష్టంతో అక్కడికి వెళ్ళాడు." మేస్త్రమ్మ గోకుతూనే ఉంది. "స్లాబు పోసిన కూలి ముఠా నాసిరకం పని చెయ్యడం వల్ల అది కూలింది."

గోకుతున్న చెయ్యి ఆగింది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

"ఆ స్లాబు పోసింది మేమే కదే."

"అవునమ్మా."

"జాకీలు ఎన్నో రోజున తీశారు?"

"తొమ్మిదో రోజున. నా కళ్ళ ముందే."

మేస్త్రమ్మ కాళ్ళు దులుపుకుని లేచింది. తర్వాత ఒక బూతు మాట అంది. కూతురి ముందు ఆమె ఎప్పుడూ వాడని మాట. "చంపింది ఆడు. చంపించింది ఆడి బావ. నింద చచ్చినోడి మీదా, నా చేతుల మీదా! పైగా శుక్రవారం అవతలి స్లాబుకి మళ్ళీ నన్నే పిలిచాడే. ఏ చేతుల్ని దొంగ చేతులన్నాడో ఆ చేతులతోనే పోయించుకుంటాడా?"

గురువారం సాయంత్రం సిమెంటు గోడౌన్లో మీటింగు. ఒకవైపు నీలం చొక్కాల పిల్లలు, ఒకవైపు ముఠా. మూలన బస్తా మీద దర్జీ. మొదట ఎవరికి వాళ్ళు విడిగా కూర్చున్నారు.

విద్యార్థుల్లో కళ్ళజోడు అని పిలిచే కుర్రాడు లేచాడు. "గేటు ముందు ధర్నా చేద్దాం. పై అధికారులకి మెమొరాండం ఇద్దాం."

ముఠా ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు.

"గేటు ముందు కూర్చుంటే ఆయనకేం పోయింది నాయనా? వెనక గేటు నుంచి కారేసుకుని పోతాడు" అంది మేస్త్రమ్మ. "ఆయన ప్రాణం ఎక్కడుందో చూడండి. వచ్చే వారం తనిఖీ వాళ్ళొస్తున్నారు. ఆ స్లాబు చూపిస్తేనే కొత్త కోర్సులకి పర్మిషను. రేపు స్లాబు మొదలుపెడదాం. సగం పోద్దాం. ఆపేద్దాం."

పిల్లలకి అర్థం కాలేదు. ముఠాకి అర్థమైంది. స్లాబు ఒక్క బిగిన పొయ్యాలి. సగంలో ఆపితే గంటన్నరలో చివర గట్టిపడుతుంది. తర్వాత పోసింది దానికి అతకదు. మొత్తం పగలగొట్టుకోవడమే.

కాంక్రీటులో వణికే మిషను తిప్పే మనిషి లేచాడు. ఏళ్ళ తరబడి దాన్ని పట్టుకుని పట్టుకుని ఊరికే నిలబడ్డా అతని చేతులు వణుకుతాయి. అందరూ వైబ్రేటరు అనే పిలుస్తారు. "మేస్త్రమ్మా, స్లాబు మధ్యలో వదిలిన ముఠాని రేపు ఎవడు పిలుస్తాడు? మనకున్నది ఆ ఒక్క పేరే కదా. వీళ్ళు చదువుకుని పోతారు. మనమేం తినాలి?"

"అదిగో, కాలేజీ పిల్లలు, కూలోళ్ళు అని మీరే విడదీస్తున్నారు" అన్నాడు కళ్ళజోడు ఉడుక్కుంటూ.

"నువ్వు కూర్చో. నిన్ను స్లాబెక్కిస్తే ఆ కళ్ళజోడు మొదట పడుద్ది, తర్వాత నువ్వు" అన్నాడు వైబ్రేటరు. అందరూ నవ్వారు, కళ్ళజోడు కూడా.

మేస్త్రమ్మ నవ్వలేదు. "నాకు తెలీదా ఆ పేరు ఎంతో? ఈ పిల్ల కడుపులో ఉండగా నొప్పులొస్తే, ఆఖరి తట్ట అందించాకే కిందికి దిగాను. పాతికేళ్ళలో ఒక్క వరస తెగనివ్వలేదు. ఆ పేరునే ఆయన కాగితం మీద చంపేశాడు. పొడుగోణ్ణి ఎలా చంపాడో అలాగే. ఇంక దాచుకోవడానికి ఏముందిరా మన దగ్గర?"

అప్పుడు ఇంజినీరు లేచింది. జాకెట్లోంచి కాగితం తీసింది. "నాకు ముందే తెలుసు. జాకీలు తీస్తుంటే చూశాను. ఒక్క మాట అని ఊరుకున్నాను. ఈ సంతకానికి నాకు డిగ్రీ ఇస్తారట" అంది. కాగితం చించలేదు. దర్జీ చేతిలో పెట్టింది. "దాచండి బాబాయ్. కోర్టులో పనికొస్తుంది."

దర్జీ దాన్ని నాలుగు మడతలు పెట్టి, "రేపు వరసలో వాడి చోట నేనుంటా" అన్నాడు. వైబ్రేటరు వణికే చేతుల్ని చంకల్లో దోపుకుని తల ఊపాడు.

శుక్రవారం పొద్దున్నే కాంక్రీటు కలిపే మిల్లరు తిరిగింది. కింద కంకర గుట్ట నుంచి పైదాకా రెండు వందల చేతుల వరస. కూలి చెయ్యి, పిల్ల చెయ్యి, కూలి చెయ్యి, పిల్ల చెయ్యి. కొడుకు నీలం చొక్కా వేసుకుని దర్జీ నడుమ నిలబడ్డాడు. చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతోంది. కాంట్రాక్టరు గొడుగు కింద కూర్చుని సోడా తాగుతున్నాడు. పది గంటలకి స్లాబు సగానికొచ్చింది.

మేస్త్రమ్మ చేతికి నిండు తట్ట అందింది. పట్టుకుంది. ఒక్క క్షణం ఆ బూడిదరంగు ముద్దని, ఒళ్ళో బిడ్డని చూసినట్టు చూసింది. కింద పడేసింది.

"ఆపండే!"

రెండు వందల చేతుల్లోని తట్టలు ధనధనా నేల మీద పడ్డాయి. మిల్లరు గొంతు ఆగిపోయింది.

సోడా సీసా విసిరేసి కాంట్రాక్టరు పరిగెత్తుకొచ్చాడు. వెనకే కరస్పాండెంటు కారు. ఆయన స్లాబు చివర వంక, వాచీ వంక మార్చి మార్చి చూశాడు. ఇంజినీరు హాల్ టికెట్ జేబులోంచి తీసి పైకెత్తాడు.

"ఇదిగో తల్లీ. తీసుకుని తట్టెత్తు. అందరికీ ఇచ్చేస్తాను. ముందు పని కానివ్వండి."

"పొడుగోడిది కూడా ఇవ్వండి సార్. వాడిదీ అచ్చయి మీ బీరువాలోనే ఉంది" అంది ఇంజినీరు.

"చచ్చినోడికి ఎందుకే?"

"దాని వెనక, పనిలో చచ్చాడని రాసివ్వడానికి. తొమ్మిదో రోజున జాకీలు పీకించింది మీ బావమరిదని రాసివ్వడానికి. బీరువా తెరిచి నూట ఎనభై మంది సర్టిఫికెట్లు ఇక్కడే పంచండి. గంట టైముంది. ఆ తర్వాత మీ స్లాబు మీ మాట వినదు."

కరస్పాండెంటు ముఖంలో తల్లీ తండ్రీ అన్నీ పోయాయి. చెయ్యి ఊపాడు. లారీల వెనక నుంచి కాంట్రాక్టరు మనుషులు ఇరవై మంది ఇనప సెంట్రింగ్ రాడ్లతో వచ్చారు.

మొదటి దెబ్బ దర్జీకి తగిలింది. సరిగ్గా అతుకు మీద. ఎముక విరిగిన చప్పుడు పైదాకా వినపడింది. కూతురి మీదికి వస్తున్న రాడ్డుకి మేస్త్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మోచేతి కింద ఇంకో కీలు మొలిచినట్టు చెయ్యి వేలాడింది. ఆమె అరవలేదు. అరిచింది పిల్లలు. పారలు లేచాయి, తట్టలు డాళ్ళయ్యాయి, కంకర రాళ్ళు లేచాయి. కళ్ళజోడు నెత్తి పగిలి, కళ్ళజోడు ఎక్కడో పడి, కనపడకుండానే ఒకడి మెడ పట్టుకుని వదల్లేదు. వైబ్రేటరు తన మిషను నల్లటి గొట్టాన్ని గిర్రున తిప్పి కొడుతుంటే ముగ్గురు స్లాబు మీంచి ఇసుకలో పడ్డారు. అప్పుడు అతని చేతులు వణకలేదు. పారిపోబోయిన కాంట్రాక్టరు పచ్చి బీములో మోకాలి దాకా దిగబడి, "బావా! బావా!" అని కేకలు పెట్టాడు. బావ అప్పటికే కారెక్కాడు.

పోలీసులు వచ్చారు. రాడ్లు పట్టుకున్న వాళ్ళని పక్కకి తప్పుకోమన్నారు. తట్టలు పట్టుకున్న వాళ్ళని కొట్టారు. ఇంజినీరుని జుట్టు పట్టి మెట్ల మీంచి ఈడ్చారు. ఒక్కొక్క మెట్టూ ఆమె మోసిన ఇసుకతో కట్టిందే. తొమ్మిది మందిని వ్యానులోకి తోశారు. తలుపు పడింది.

జాలీలోంచి ఆమెకి స్లాబు చివర కనపడింది. మెరుపు పోయి మట్టిరంగుకి తిరిగింది. గట్టిపడింది. సోమవారం పరీక్ష. తను రాయదు. నోట్లో రక్తం ఉప్పగా ఉంది.

వ్యాను గేటు దగ్గరికొచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు, మళ్ళీ కొట్టాడు.

గేటుకి అడ్డంగా కంకర. మోకాలెత్తు ఉన్నది నడుమెత్తు అవుతోంది. గుట్ట నుంచి గేటు దాకా మళ్ళీ వరస కట్టారు. కూలి చెయ్యి, పిల్ల చెయ్యి. ఈసారి నీలం చొక్కాలే కాదు, క్లాసుల్లోంచి వచ్చిన తెల్ల చొక్కాలూ ఉన్నాయి. తట్ట ఎలా పట్టుకోవాలో తెలీక చేతులు కోసుకుంటున్నారు, అయినా అందిస్తున్నారు. ఒక భుజం విరిగిన దర్జీ రెండో చేత్తో అందుకుంటున్నాడు. వరస చివర మేస్త్రమ్మ. విరిగిన చేతిని కొంగుతో మెడకి కట్టుకుంది. మంచి చేత్తో తట్ట అందుకుని వ్యాను ముందు కుమ్మరిస్తోంది.

ఎస్సై లాఠీ ఎత్తి ఆమె మీదికి పోయాడు. "ఏయ్, ఆపవే! ఆపమంటుంటే!"

మేస్త్రమ్మ తలెత్తలేదు. వెనక్కి చెయ్యి చాపింది. తర్వాతి తట్ట వచ్చి ఆ చేతిలో పడింది.

"మా ముఠా మొదలెట్టిన పని మధ్యలో ఆపదు సారూ."