మా నర్సమ్మ మంచిది కాదు

పెద్ద డాక్టరు వరహాలరావుగారు ఎడ్లబండి కట్టించుకుని అరకు కొండలెక్కి వచ్చింది ఒక్క ప్రశ్న అడగడానికి. అక్కడి ఆసుపత్రిలో, ఆపరేషన్లయినవాళ్లుండే కోత వార్డులో, రోగులు నర్సు అచ్చియమ్మ సేవతో తృప్తిగా ఉన్నారా, లేదా? లేదంటే ఆమెను ఇంటికి పంపేయాలి. ఇంటికి అనడం తేలికే. భర్త పోయాక పార్వతీపురంలో పుట్టింటివాళ్లు ఆమెను గుమ్మం తొక్కనివ్వలేదు. అచ్చియమ్మకు ఇల్లంటే ఆ వార్డే.

అయినా ఆమెకు భయం లేదు. గాసికి కడుపు ఆపరేషనైన రోజు వాడి పక్కన కదలకుండా కూర్చున్నది ఆమే. కాలివేలు తీసేసిన సోంబరుకు రాగిపిండితో కాచిన చోడి అంబలి తాగించిందీ ఆమే. నాలుగు మంచి మాటలు చెప్పరా ఏం? ఉతికిన చీర కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

“ఏమయ్యా, నర్సు బాగా చూస్తోందా?” అన్నారు డాక్టరుగారు.

గాసి ఆమెను చూశాడు. బయట ఆగి ఉన్న బండిని చూశాడు. “ఏటి సూత్తాది బాబూ! అది సెయ్యి కాదు, బండరాయి.”

“ఆయమ్మ అంబలి కుక్క కూడా ముట్టదు,” అన్నాడు సోంబరు.

మూల మంచం మీది ముసలి సోములమ్మ, పొద్దుటిదాకా అచ్చియమ్మను తల్లీ అని పిలిచిన మనిషి, చెయ్యి తిప్పేసింది. “పనికిమాలిన గుంట బాబూ! దీన్నెవులు తీసుకెల్తారు?”

అచ్చియమ్మ ఏడుపు ఆపుకోవాలని చూసింది గాని ఆగలేదు.

“సరే. మూట సర్దుకో. ఇవాళే నా బండిలో కిందికి దించేస్తాను,” అన్నారు డాక్టరుగారు.

వార్డంతా నోరు తెరిచింది. చెడ్డదాన్ని కూడా పట్టుకుపోతారా? ఇదెక్కడి అన్యాయం!

ఆమె మూటతో బండెక్కేసరికి దారి లేదు. రోగులు నులక మంచాలు ఈడ్చుకొచ్చి, ఎడ్ల ముందు అడ్డంగా వేసుకుని పడుకున్నారు.

“మేమూ సెడ్డోల్లమే బాబూ, మమ్మల్నీ తీసుకుపోండి!” అని అరిచాడు గాసి.

“ఏమిటీ గోల?” డాక్టరుగారికి చిర్రెత్తింది.

సోములమ్మ ఇక దాచలేకపోయింది. “కేంపుకొచ్చిన బాబులు బాగుందా అనడిగితే, బాగుందన్నదేదైనా మాకు మిగిలిందేటి? మేక బాగుందన్నాం, పోనాది. తేనె బాగుందన్నాం, పోనాది. ఇప్పుడీ తల్లి బాగుందని ఎలగంటాం బాబూ?” అంటూ భోరుమంది.

“నేను అలాంటివాణ్ణి కాను!” అని డాక్టరుగారు గర్జించారు.

బండిలో గంప కింద కోడిపుంజు కూసింది. అది కొండ కింద బుధు అనే రైతుది. దారిలో డాక్టరుగారు అడిగితే, పాపం, బాగుంది బాబూ అన్నాడు.

డాక్టరుగారు గంపను చూశారు. మంచం ఈడ్చినా నెత్తురు చుక్క కనబడని గాసి కడుపు కట్టును చూశారు.

“దిగమ్మా,” అన్నారు చివరికి. పుంజును మాత్రం దించలేదు.

బండి కదిలాక, అచ్చియమ్మ గాసి కట్టు సరిచేస్తూ అడిగింది. “నా చెయ్యి బండరాయేట్రా?”

“బండింకా మలుపు తిరగలేదమ్మా,” అని గాసి గుసగుసలాడి, గొంతెత్తాడు. “బండరాయే!” వెంటనే అన్ని మంచాల మీంచీ తిట్లు లేచాయి.

అచ్చియమ్మ కళ్లు తుడుచుకుని దారి వైపు తిరిగింది. “అవును బాబూ,” అని అందరికన్నా గట్టిగా కేకేసింది, “నేనెందుకూ పనికిరాను!”