గుప్పిట్లో ఖాళీ

మైనపు చేతులను శివరామకృష్ణగారు సరిచేసింది ఒక శుక్రవారం ఉదయం. సరిచేస్తున్నాననే ఆయన అనుకున్నారు. అలా అనుకోవడానికి ముప్ఫై మూడేళ్ల అనుభవం ఆయనకు దన్నుగా ఉంది.

ఉక్కు కర్మాగారంలో ఆయన పేటర్న్ మేకరుగా చేరి, అదే షాపులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. లోహంలో పోతపోయవలసిన ఏ వస్తువుకైనా ముందుగా కొయ్యతో ఒక నమూనా కావాలి. ఆ నమూనా పేరే పేటర్న్. దాని చుట్టూ ఇసుక దట్టించి, మెల్లగా పైకి లాగేస్తే, ఇసుకలో ఆ ఆకారం మేర ఖాళీ మిగులుతుంది. కరిగిన లోహాన్ని పోసేది ఆ ఖాళీలోనే. నమూనా పైకి వచ్చేటప్పుడు ఇసుక చెదరకూడదు గనుక దాని పక్కలు కొద్దిగా వాలుగా ఉండాలి. పక్కల్లో ఎక్కడైనా లోపలికి తొలిచినట్టు గుంట ఉంటే ఇసుక అందులో చిక్కుకుంటుంది. నమూనా బయటికి రానని మొరాయిస్తుంది. అటువంటి గుంటను అండర్‌కట్ అంటారు. శివరామకృష్ణగారి షాపులో ఆ మాట దాదాపు తిట్టు. కొత్తగా చేరినవాడి పనితనాన్ని ఆయన కళ్లు మూసుకుని వేలితో తడిమి, "ఇక్కడుంది నాయనా నీ అండర్‌కట్" అని చెప్పేవారు. ఒక్కనాడూ గురి తప్పలేదు.

మధురవాడలోని ఒక చిత్రకళా కళాశాలలో శిల్పవిభాగం చూసే గుణశేఖర్ అనే కుర్ర లెక్చరరు ఆయనను వెతుక్కుంటూ దువ్వాడలోని ఇంటికి వచ్చాడు. పోత నేర్పే మనిషి మానేశాడనీ, ఆఖరి సంవత్సరం పిల్లలకు వారానికి మూడు రోజులు వచ్చి చెప్పాలనీ బతిమాలాడు. బొమ్మలు చేసే పిల్లలకు తాను చెప్పేదేముందని శివరామకృష్ణగారు కాసేపు బెట్టు చేశారు గాని, మర్నాడే ఇస్త్రీ చొక్కా జేబులో స్టీలు స్కేలు పెట్టుకుని బస్సెక్కారు. ఆయన భార్య భ్రమరాంబ గేటు దాకా వచ్చి, "పిల్లల్ని మరీ కొలిచేయకండి" అని మాత్రం అన్నారు.

శిల్పం చేయడానికి దారులెన్నని ఆయన మొదటి రోజు అడిగితే, రెండని పిల్లలు చెప్పారు. రాయీ కొయ్యా అయితే అక్కర్లేనిది తీసేయడం; మట్టీ మైనమూ అయితే కావలసింది కలపడం. మూడోది కూడా ఉందని ఆయన అన్నారు. పోతలో తీసేదీ లేదు, కలిపేదీ లేదు. ఖాళీని సిద్ధం చేసి ఎదురుచూడటమే పని. వెనక బెంచీలో నీలిమ అనే అమ్మాయి ఆ మాటను పుస్తకంలో రాసుకున్నది.

తరువాతి వారం మైనపు పోత గురించి కూడా ఆయనే వివరించారు. బొమ్మను మైనంతో చేస్తారు. లోహం దిగడానికీ గాలి పోవడానికీ దారులుగా మైనపు పుల్లలు అతికిస్తారు. ప్లాస్టరూ ఇటుకపొడీ కలిపిన ముద్దతో చుట్టూ మూసి బట్టీలో పెడితే మైనం కరిగి కారిపోతుంది. అది విడిచిన చోటులోకి కంచు దిగుతుంది. ఒక్కొక్క మెట్టునూ ఆయన ఇంగ్లీషులోనూ తెలుగులోనూ తప్పు లేకుండా చెప్పారు.

నీలిమది మల్కాపురం. పరీక్ష కోసం ఆమె చేస్తున్నది తన మామ్మ పోతమ్మ చేతులు. పోతమ్మ ఎగుమతి రొయ్యలు వలిచే షెడ్డులో ఇరవై రెండేళ్లు నిలబడి పనిచేసింది. ఎడమ గుప్పిట్లో రొయ్యను పట్టుకుని కుడి బొటనవేలితో తల తెంపే క్షణాన్ని నీలిమ మైనంలో పట్టింది. రొయ్యను మాత్రం చేయలేదు. వేళ్లకూ అరచేతికీ మధ్య అది ఉండవలసిన చోటును చీకటిగా వదిలేసింది. అంత లోతైన గుంటలున్న బొమ్మకు అచ్చు తీయడం కష్టమని మైనాన్నే నేరుగా చేత్తో మలిచింది. ఐదు వారాలు పట్టింది. దానికి నకలు లేదు. వచ్చే గురువారం బయటి నుంచి పరీక్షకుడు వస్తాడు. ఆలోగా ఆ చేతులు కంచులో నిలవకపోతే ఆమె డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది.

ఆ శుక్రవారం గుణశేఖర్ పరీక్షల పని మీద విజయనగరం వెళ్తూ, నీలిమ మైనాన్ని ఒకసారి చూసి పుల్లలు అతికించి ఉంచమని మాస్టారికి ఫోన్ చేశాడు. తొమ్మిదింటికి వర్క్‌షాపులో ఎవరూ లేరు. శివరామకృష్ణగారు బొమ్మ మీది గుడ్డ తీసి, అలవాటు చొప్పున కళ్లు మూసుకుని వేలు పోనిచ్చారు. ఒకటి కాదు, రెండు కాదు, ఏడు చోట్ల వేలు లోపలికి జారింది. పాపం, పిల్లకు తెలియలేదనుకున్నారు. స్పిరిటు దీపం వెలిగించి, చిన్న కత్తిని వేడిచేసి, నీలిమ వాడిన మైనపు గడ్డలోంచే తీసిన మైనంతో గుంటలను ఒక్కొక్కటే పూడ్చారు. వేళ్ల సందులను వాలుగా దిద్దారు. గుప్పిట్లోని చీకటిని నిండా నింపి, పైన నునుపు చేశారు. అతుకు ఎక్కడుందో వెతికినా కనబడదు. రిటైరయ్యాక ఇంత శుభ్రమైన పని ఆయన చేతిమీదుగా జరగలేదు. పదకొండున్నరకు చేతులు కడుక్కుని, ఎవరైనా వచ్చి చూస్తే బాగుండునని కూర్చున్నారు.

వచ్చారు. చివరిసారి చేతులను పక్కపక్కన పెట్టి సరిచూసుకుందామని నీలిమ మామ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పోతమ్మ బొమ్మ ముందు నిలబడి, తన చేతిని ఒకసారి, దాన్ని ఒకసారి చూసింది.

"ఏటే ఇది, నా సెయ్యి మూసీసినావేటి? మరి రొయ్య ఎక్కడుంటాది?"

నీలిమ బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది.

శివరామకృష్ణగారు గొంతు సవరించుకుని, ఏడు అండర్‌కట్లు ఉన్నాయనీ, అలా వదిలేస్తే ఇసుకలోంచి నమూనా బయటికి రాదనీ వివరించసాగారు. సగంలో నీలిమ చాలా మెల్లగా అడ్డుపడింది.

"దీన్ని బయటికి లాగం కదండీ మాస్టారూ. కరిగిపోద్ది."

ఆయన చూపు తాను పూడ్చిన గుప్పిలి మీద పడింది. కరిగి కారిపోయే మైనానికి వాలెందుకు, గుంట ఉంటే నష్టమేమిటి? పోయిన వారం ఇదే గదిలో, ఇదే బల్ల దగ్గర తాను చెప్పిన పాఠం అది. చెప్పినది నోరు, చేతులు మాత్రం ఆ వారమంతా పేటర్న్ షాపులోనే ఉండిపోయాయి.

పోతమ్మకు ఈ గొడవ పూర్తిగా అర్థం కాలేదు గాని, కావలసినంత అర్థమైంది. "ఈ బాబుగోరు మా సెడ్డులో ఉండుంటే రొయ్యలన్నీ తొక్కల్తోనే ఓడెక్కీసును" అన్నది. ఎవరూ నవ్వకపోయేసరికి స్టూలు లాక్కుని కూర్చున్నది.

నీలిమ కళ్లు తుడుచుకుని, మాస్టారి ముఖం చూసి, ఆయన అడగని సాయం ఒకటి చేయబోయింది. "సార్‌కి నానే మార్సినానని సెప్పేత్తానండి. మీ పేరెందుకు మద్దిన."

ఆ మాట ఆయన మనసుకు హాయిగా తగిలింది. అదే ఆయనను భయపెట్టింది. అతుకు కనబడదు. గుణశేఖర్ అడగడు. పిల్లలు ఆఖరి నిమిషంలో బొమ్మ మార్చుకుని పాడుచేసుకోవడం కళాశాలలో వింతేమీ కాదు. ఆయన రుమాలుతో కళ్లద్దాలు తుడిచారు. తుడిచినవాటినే మళ్లీ తుడిచారు. తరువాత ఫోన్ తీసి, వాళ్లిద్దరి ఎదుటే గుణశేఖర్‌కు కలిపారు.

"గుణశేఖర్, ఒక తప్పు జరిగింది." వాక్యం సరిగా లేనప్పుడు ఇతరులను ఎలా సవరిస్తారో అలాగే తనను సవరించుకున్నారు. "జరగలేదు. నేను చేశాను."

గుణశేఖర్ ఎంత మేర నింపారని అడిగాడు. గుప్పిట్లో పూర్తిగా, మిగతా ఆరు చోట్ల కొంత కొంతగా అని ఆయన చెప్పారు. శనివారమంతా చేతిలో ఉంది, ఆదివారం ప్లాస్టరుతో మూసినా మంగళవారానికి బట్టీలోంచి తీసి పోత పోయవచ్చు, కాని తవ్వేది నీలిమే తవ్వాలి అన్నాడు గుణశేఖర్. "మీరు దయచేసి ముట్టుకోకండి మాస్టారూ" అని చివర కలిపాడు. తనలో సగం వయసువాడు అంత మర్యాదగా తనను పక్కన కూర్చోబెట్టడం శివరామకృష్ణగారికి ఇదే మొదలు. అలాగేనన్నారు.

ముట్టుకోకుండా చేయగలిగిన సాయం ఒక్కటే ఉంది. ఎక్కడ ఎంత నింపారో ఆయనకు మిల్లీమీటరు తేడా లేకుండా గుర్తుంది. గుప్పిట్లో మధ్యవేలి కింద పదకొండు, చిటికెనవేలి పక్కన నాలుగు, బొటనవేలి మొదట్లో ఆరు. ఆయన చెబుతుంటే నీలిమ ఆ లోతును సూదిమీద గుర్తుపెట్టుకుని మైనంలోకి గుచ్చుతూ తవ్వసాగింది. ఆయన కత్తులు వేడిచేసి ఒకటొకటిగా అందించారు.

పోతమ్మ నమూనాగా చెయ్యి చాచి కూర్చున్నది గాని, ఆ చెయ్యి ఒప్పుకోలేదు. "ఖాళీ సెయ్యి ఒంగదు బాబూ. ఏటైనా ఎట్టండి" అన్నది. శివరామకృష్ణగారు మైనంతో ఒక రొయ్యను చేసి ఇచ్చారు. అది మరీ లావుందనీ, అటువంటిది తన షెడ్డుకు ఏనాడూ రాలేదనీ ఆమె తిప్పికొట్టింది. రెండోది వంపు తప్పింది. మూడోదాన్ని అరచేతిలో దొర్లించి, తల తెంపబోయినట్టు బొటనవేలు ఆనించి, "ఇది రొయ్యే" అని ఒప్పుకున్నది. ఆయన చేసిన నమూనాలను వెనక్కి పంపిన ఇన్‌స్పెక్టర్లు ఆయన ఉద్యోగంలో ఎక్కువమంది లేరు. రెండుసార్లు పంపినవారు అసలే లేరు.

శనివారం మధ్యాహ్నానికి ఆరు గుంటలు తిరిగి వచ్చాయి. గుప్పిలి మిగిలింది. పదకొండు దగ్గర సూది ఆగింది. నీలిమ ఆగలేదు. మామ్మ చేతికేసి చూసింది, ఆ చెయ్యి రొయ్యను ఎలా మోస్తున్నదో వంగి కింది నుంచి చూసింది, మళ్లీ తవ్వింది. పన్నెండు. పదమూడు. ఇంకొంచెం పోతే వేలి వెనక మైనం పలచబడి చిల్లిపడుతుంది. చెప్పాలని శివరామకృష్ణగారి పెదవులు కదిలాయి. ఆ మాటను మింగి, చల్లారిన కత్తి తీసుకుని వేడిది ఆమె చేతికిచ్చారు. పద్నాలుగు దగ్గర ఆమె ఆగి, దీపాన్ని పక్కకు జరిపింది. గుప్పిట్లోకి చీకటి దిగింది. అది మొదట ఆమె వదిలిన చీకటి కంటే లోతుగా ఉంది.

"అలాగే పట్టుకుంటాను నాను" అన్నది పోతమ్మ. ఆ తరువాత తన చెయ్యి తిమ్మిరెక్కిందనీ, టీ ఎవరైనా తెస్తారా లేదా అనీ అడిగింది. శివరామకృష్ణగారే లేచారు.

మంగళవారం కంచు పోశారు. బుధవారం ఉదయం పిల్లలందరూ చుట్టూ మూగి ఉండగా గుణశేఖర్ సుత్తితో పై ప్లాస్టరు అచ్చును పగలగొట్టాడు. చేతులు నల్లగా, గరుకుగా, విరగని వేళ్లతో బయటపడ్డాయి. పలచబడ్డ చోట చిల్లి పడలేదు. గుప్పిట్లో మాత్రం కాలిన ప్లాస్టరు గట్టిగా కూరుకుపోయి ఉంది. ఓపికగా గీకితే తప్ప రాదు. ఆ పని ఎవరిదని గుణశేఖర్ అటూ ఇటూ చూశాడు. నీలిమ ఒక సన్నని ఉలినీ బ్రష్షునూ తెచ్చి శివరామకృష్ణగారి ముందు పెట్టింది.

ఆయన స్టూలు మీద కూర్చుని, ఆ కంచు చేతిని ఒడిలోకి తీసుకుని, పలుకు పలుకుగా తీశారు. రెండు గంటలు పట్టింది. పక్కన నీలిమ కుడిచేతి వేళ్ల మీద ఆకురాయి పట్టి మెరుపు తేసాగింది. లోపలి ప్లాస్టరంతా రాలిపోయాక, గుప్పిట్లో మంట మిగిల్చిన మసి కనబడింది. పేటర్న్ షాపులో అయితే అది చూడగానే తీగబ్రష్షు కోసం చెయ్యి సాచేవారు. చెయ్యి సాగింది కూడా. మధ్యలో ఆగి ఆయన తల ఎత్తారు.

"అమ్మా, నీలిమా. ఈ నలుపు తీయాలా, ఉంచాలా?"

నీలిమ వంగి లోపలికి చూసింది.

"ఉంచండి మాస్టారూ."

ఆయన చేతిలోని బ్రష్షును బల్ల మీద పెట్టేశారు.