ఉప్పు తగ్గింది

పెళ్లిళ్ల వంట మేస్త్రికి వంట నేర్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా యాత్రకు వచ్చిన ఊళ్లో ఒకావిడ తన ఇంట్లో చెప్పే వంట పాఠానికి ఆయన భార్య ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది. పరాయి దేశంలో గోపురాలూ బొమ్మలూ చూసి చూసి కాళ్లు పీకుతున్నాయి, ఒక పూట ఎవరింట్లోనైనా హాయిగా వండుకుని తిందామంది. మేస్త్రి తప్పించుకోజూశాడు గానీ సాగలేదు.

కారణం లేకపోలేదు. వేసవిలో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆయన నాలుక రుచిని పట్టుకుపోయింది. తీపీ, కారం, మట్టీ అన్నీ ఒకటే. సంగతి బయటపడితే రాబోయే ముహూర్తాలకు ఒక్కరూ ఆయన గడప తొక్కరు. ఇన్నాళ్లూ ఎలా నెగ్గుకొచ్చాడంటే, గుండిగకు ఎంత ఉప్పు పడాలో ఆయన గుప్పిటకు తెలుసు. పైగా దేవుడికి పెట్టకముందే ఎంగిలి చేయరాదన్నది ఆయన పొయ్యి దగ్గర కట్టుబాటు. కాబట్టి రుచి చూడండని అడిగే మొనగాడు లేడు.

ఇక్కడ ఆ ఆటలు సాగేలా లేవు. పాఠం చెప్పే ఇంటావిడ బల్ల మీద గాజు సీసా నిండా చెంచాలు పెట్టుకుంది. ఉల్లిపాయ మగ్గితే ఒక చెంచా, టమాటా ఉడికితే ఒక చెంచా. అడుగడుగునా రుచి చూడాలట. మేస్త్రి మనసులో ఆవిడకు చెంచాల పంతులమ్మ అని పేరు పెట్టేశాడు.

"వంట మధ్యలో మేం ఎంగిలి చెయ్యం" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ నవ్వి, వాడిన చెంచాను తొట్టిలో పడేసి కొత్తది అందించింది. ప్రతిసారీ కొత్తదే. ఆ పాచిక పారలేదు.

"ఇవాళ నాకు ఉపవాసం" అన్నాడు.

"మరి పొద్దున హోటల్లో అట్టు మారు వేయించుకున్నదెవరు?" అంది భార్య, కత్తి ఆపకుండా.

చివర్లో పంతులమ్మ మరో మెలిక పెట్టింది. ఎవరి గిన్నె వాళ్లు కాదు, పక్కవాళ్ల గిన్నె రుచి చూసి లోపం చెప్పాలి. భార్య తన గిన్నెను ఆయన ముందుకు జరిపింది. మేస్త్రి చెంచా నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల పంకించాడు.

"అమృతం! ఉప్పు తూచి వేసినట్టుంది."

పంతులమ్మ కూడా ఒక చెంచాడు నోట్లో పోసుకుంది. మరుక్షణం కుళాయి దగ్గరకు పరుగెత్తింది.

మేస్త్రి భార్య వైపు తిరిగాడు. ఆమె నవ్వలేదు. "కావాలనే గుప్పెడు వేశాను" అంది.

"నీకెప్పుడు తెలిసిందే?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ కంచం ముందు కూర్చుంటే చాలు, ఉప్పు తగ్గిందనేవారు. సముద్రం తెచ్చి పోసినా అదే మాట. గరిటె విసిరి కొట్టాలనిపించేది. జ్వరం తర్వాత ఒక్కరోజు కూడా అనలేదు. మనిషి మంచివాడయ్యాడని మొదట్లో మురిసిపోయాను. ఆ తర్వాత భయమేసింది. ఇంట్లో అడిగితే కేకలేసి బయటికి పోతారు. ఇక్కడైతే ఎక్కడికి పోతారు, దారి కూడా తెలీదు!"

"పరువు పోతుందే..." అన్నాడాయన, గిన్నెను దూరంగా జరుపుతూ.

"ఎందుకు పోతుంది? డాక్టరుకి చూపిద్దాం. అందాకా పెళ్లిళ్లకి నేనూ వస్తాను. వండే చెయ్యి మీది, చూసే నాలుక నాది. ఎంగిలి సంగతి దేవుడితో నేను మాట్లాడుకుంటాలెండి."

పంతులమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ మొదలెట్టమని ఉల్లిపాయలు తెచ్చి పెట్టింది. మేస్త్రి వాటిని తరుగుతూ తనివితీరా ఏడ్చాడు. ఉల్లిపాయలు కదా, ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఈసారి ఆయన వండాడు, ఆమె రుచి చూసి ఉప్పు వేసింది. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. పంతులమ్మ ఒక ముద్ద తిని, బ్రహ్మాండమన్నట్టు రెండు చేతులూ ఎత్తింది. భార్య మాత్రం భర్త ముఖంలోకే చూస్తోంది.

ఆయనకు నోట్లో వేడి తప్ప ఏమీ తెలియలేదు. నిదానంగా నమిలి మింగి, ఆమె వైపు తిరిగాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, కాస్త ఉప్పు తగ్గిందే."

"తగ్గిందీ? నా తలకాయ తగ్గింది!" అంటూ గరిటె ఎత్తింది ఆమె. ఈసారి ఉల్లిపాయలు లేకుండానే ఆమె కళ్లు నిండిపోయాయి.