వెన్నులో సూది

నీళ్ళు మరగకముందే సత్యభామ రాగిపిండి పోసేసింది. ముద్ద కాస్తా ఉండలు కట్టింది. ఇరవై ఏళ్ళుగా రోజూ చేస్తున్న పనే. ఏది ముందో ఏది తర్వాతో తలకు తెలుసు, చేతికి అందేసరికి జారిపోతోంది. పక్షవాతం వచ్చి నెల దాటింది. కాలు నిలబడింది, మూతి చక్కబడింది, అదే ఆమె ప్రాణానికి వచ్చింది. "కాలూ చెయ్యీ బాగుండాయి గదా, ఇంకేం రోగం?" అంటుంది అత్త పిల్లమ్మ. "పని తప్పించుకునేకి నాటకం" అంటాడు మొగుడు అశ్వత్థప్ప. ఆమె పనిచేసే హెబ్బగోడి గార్మెంట్స్‌ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరైతే ఆమె తిరగేసి కుట్టిన కాలరును అందరి ముందూ ఎత్తి చూపించి నవ్వాడు. వినీ వినీ తనకే అనుమానం పట్టుకుంది, నిజంగానే నాటకమాడుతున్నానా అని. ఆ అనుమానమే ఆమెను ఎక్కువగా కాల్చింది.

ఆ రోజు ఆసుపత్రిలో పరిశోధన నర్సు ఫర్హానా ఒక కాగితం ముందు పెట్టింది.

"అక్కా, స్కాన్‌లో మచ్చ చిన్నదే. కానీ మెదడు లోపల దెబ్బతింటే అక్కడి ప్రోటీన్ వెన్నులో నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు సూదితో కొంచెం తీసి చూస్తాం. ఇది ట్రీట్‌మెంట్ కాదు, పరిశోధన. ఎంత దెబ్బతిన్నదో మీకూ చెప్తాం."

అశ్వత్థప్ప కాగితం లాక్కున్నాడు. "వెన్నులో సూదా? నడుం పడిపోతే ఇంట్లో పని ఎవురు చేస్తారు?"

సత్యభామకు నవ్వు రాబోయి కోపం వచ్చింది.

"చైతు పుట్టేటప్పుడు ఆపరేషన్‌కని ఇదే వెన్నులో సూది పొడిచినారు గదప్పా. నన్నడక్కుండానే సంతకం పెట్టినావు. మగబిడ్డని స్వీట్లు పంచినావు. ఆ పొద్దు నా నడుం గుర్తుకు రాలేదా?"

అతని చేతిలోంచి ఆమె కాగితం తీసుకుంది. పెన్ను తిరగేసి పట్టుకోవడం చూసి ఫర్హానా, "వేలిముద్ర వేస్తారా అక్కా?" అంది.

"వద్దు. సంతకమే."

నాలుగే అక్షరాలు. రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఊపిరి తీసుకుని మళ్ళీ రాసింది. ఫర్హానా తొందరపెట్టలేదు.

నీళ్ళు తీశాక వెల్లకిలా పడుకోబెట్టి, సాయంత్రం దాకా లేవద్దన్నారు. రిపోర్టులో అంకె ఎంతైనా రానీ, నాటకమన్న మాటను ఇక మోసేది లేదనుకుంది సత్యభామ. పట్టపగలు, ఊరికే, పడుకుని ఉంది. హాయిగా ఉంది.

అశ్వత్థప్ప మంచం దగ్గర కాసేపు తచ్చాడాడు. "మరి ఇంట్లో ముద్ద?"

ఆమె కళ్ళు తెరవలేదు.

"నువ్వే చెయ్యి. ముందు నీళ్ళు మరగాల. తర్వాతే పిండి."