రుస్తాక్ వైపు మూడు ఊళ్ళు

పెళ్ళయి నాలుగేళ్ళయినా నఫీసా, జిలాని ఒక ఇంట్లో ఉన్నది తక్కువ. ఇద్దరిదీ ప్రొద్దుటూరే, ఇద్దరూ ఒమన్‌లోనే. ఆమె మస్కట్‌లో, ఖురంలోని ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద మ్యాపులు గీసేది. అతను నిజ్వాలో ఒక టెలిఫోన్ కంపెనీలో లైన్‌మన్. బుధవారం సాయంత్రం డ్యూటీ దిగి బస్సెక్కి మస్కట్ రూవిలో ఆమె రూమ్‌కు వచ్చేవాడు. శుక్రవారం పొద్దు గూకక ముందే మళ్ళీ బస్సెక్కేవాడు. ఆ రూమ్‌ను ఆమెతో పంచుకునే నర్సు హుస్నా, అతనొచ్చే రోజులకు అడిగి మరీ నైట్ డ్యూటీ వేయించుకునేది. ఎవరూ ఏమీ అనకపోయినా నఫీసాకు అది సిగ్గుగా ఉండేది.

"మస్కట్‌కు మార్పించుకోరాదా మామా?" అని వచ్చినప్పుడల్లా అడిగేది.

"చూద్దాంలే," అనేవాడు జిలాని.

ఆ చూద్దాం ఎప్పటికీ వచ్చేది కాదు. అతనికి నిజ్వా పైనున్న కొండలంటే ఇష్టం. పైన ఘాఫా అని ఒక ఊరు, దాని పక్కన ఇంకో రెండు చిన్న ఊళ్ళు ఉన్నాయి. మొబైల్ సిగ్నల్ అందదు. ఒక్కో ఊరికీ సోలార్ పలకతో నడిచే ఒక్క ఫోన్. అది మొరాయిస్తే జిలాని పికప్ వేసుకుని పోవాల్సిందే. వచ్చేటప్పుడు దానిమ్మకాయలో, సీసాడు రోజ్ వాటరో తెచ్చేవాడు. ఘాఫాలో జోఖా అని ఒక ముసలామె ఉంది. ఫోన్ ఉన్న గోడ పక్కిల్లు ఆమెదే. జిలాని పోతే "నా కొడుకు వచ్చినాడు" అని అరబ్బీలో కేక వేసి, ఖర్జూరాలు, కహ్వా కాఫీ పెట్టి గానీ పని మొదలుపెట్టనిచ్చేది కాదట. ఈ మాటలు చెప్పేటప్పుడు అతని ముఖం వేరేగా ఉండేది. నఫీసా వింటూ బట్టలు మడతపెట్టేది. తను లేని ఆ సంతోషం మీద ఆమెకు కొంచెం అసూయ.

రెండువేల ఎనిమిదిలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నఫీసా ఆఫీసుకు ఒక పెద్ద పని వచ్చింది. లోపలి ప్రాంతాల్లో ఊరి ఫోన్లను నడిపే కంపెనీలు చాలా ఉన్నాయి. ఏ ఊరు ఎవరి కిందికి వస్తుందో తేలక, ఫోన్ చెడిపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు. అందుకని ఒక్కో కంపెనీ హద్దు ఎక్కడిదాకానో గీసి, రంగులు వేసి, మ్యాపు తయారు చెయ్యాలి. కంపెనీలు అది ఒప్పుకుని సంతకాలు పెడితే ఐదేళ్ళు అదే చెల్లుతుంది.

కొండలకు ఇటు జిలాని పనిచేసే నిజ్వా కంపెనీ, అటు రుస్తాక్ కంపెనీ. శిఖరం వెంబడి గీత పోతూ పోతూ ఘాఫా దగ్గర చిక్కుపడింది. ఇంజినీరు సాలిం ఆమె కుర్చీ వెనక నిలబడి తెర మీదికి వంగి చూశాడు.

"ఈ మూడు ఊళ్ళు ఎటు వేద్దాం, నఫీసా?"

తెర మీద కొలిస్తే రుస్తాకే దగ్గర. కానీ అటునుంచి వచ్చేది రాళ్ళ బాట. వానొచ్చి వాగు పారిందంటే వారాలు మూసుకుపోతుందని, నిజ్వా దారి మాత్రం తెగదని జిలాని ఎన్నిసార్లు చెప్పాడో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెంటే ఇంకో మాట గుర్తొచ్చింది. ఊళ్ళు తగ్గిన కంపెనీ పని లేక మిగిలిన లైన్‌మన్లను మస్కట్ ఆఫీసుకు పంపుతుందని ముందే అనుకున్నారు.

"రుస్తాకే దగ్గర సార్," అంది నఫీసా.

"సరే, అటే వెయ్యి."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆ సంగతే మనసుకు చెప్పుకుంటూ ఆ మూడు చుక్కల మీద నిజ్వా ఆకుపచ్చ రంగు తీసేసి రుస్తాక్ పసుపు వేసింది.

వానాకాలానికి ముందే జిలానికి మస్కట్ ఆర్డరు వచ్చింది. హుస్నా వేరే రూమ్ చూసుకుంది. నఫీసా కిటికీకి కొత్త తెరలు కొని, నేతితో బిర్యానీ వండింది. జిలాని తిని "బాగుంది" అన్నాడు. పొద్దున లేచి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఖురంలో కంప్లెయింట్ల కౌంటర్‌కు పోయేవాడు. సాయంత్రం వచ్చి టీవీ ముందు కూర్చునేవాడు. కోరుకున్న మనిషి ఇంట్లోనే ఉన్నాడు. కానీ ఇదివరకు బుధవారం గడప దాటుతూనే మాటలు మొదలుపెట్టే మనిషి కాదు ఇతను.

"ఏమి మామా, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండా. పని లేదు, అంతే. కుర్చీలో కూచోని కాళ్ళు పట్టేసినాయి."

చలికాలం వచ్చాక ఒక శుక్రవారం తనే అడిగాడు, "ఘాఫా చూసొద్దామా? నువ్వెప్పుడూ రాలేదు కదా." ఆమె సంతోషంగా ఒప్పుకుంది. నిజ్వాలో పాత స్నేహితుడు ఫయాజ్ పికప్ ఇచ్చాడు. కొండ ఎక్కుతున్నంతసేపూ జిలాని ప్రతి మలుపు గురించీ చెప్పాడు. చాలా రోజుల తర్వాత ఆ పాత ముఖం కనిపించి, చేసింది ఏమంత తప్పు కాదేమో, అప్పుడప్పుడూ ఇట్లా వస్తే చాలేమో అనుకుంది నఫీసా.

జోఖా వాకిట్లో కూర్చుని ఉంది. జిలానిని చూసి కేక వెయ్యలేదు. లేచి అతని చెయ్యి పట్టుకుంది, అంతే. కహ్వా పోసింది. తర్వాత మెల్లగా చెప్పింది, జిలాని ఒక్కో మాటా నఫీసాకు తెలుగులో చెప్పాడు. ఎండాకాలం చివర వానొచ్చి రుస్తాక్ బాట తెగిందట. ఫోన్ చచ్చిపోయిందట. నిజ్వా కంపెనీకి కబురు పంపితే, ఆ ఊరు మాది కాదు అన్నారట. రుస్తాక్ వాళ్ళు బాట బాగైనాక గానీ రాలేదట. ఆ మధ్యలోనే మస్కట్ ఆసుపత్రిలో ఆమె తమ్ముడు పోయాడు. అతని పిల్లలు ఘాఫాకు ఫోన్ చేస్తూనే ఉన్నారట. కబురు తెలిసేసరికి మట్టి చేసి రోజులు గడిచాయి.

"ఆఖరి చూపు చూడలేదు," అంది జోఖా. తర్వాత జిలానిని అడిగింది, "నువ్వెందుకు రాలేదు కొడుకా?"

"ఊరు మాకు లేకుండా తీసేసినారు తల్లీ," అన్నాడు జిలాని. ఆమెకు అర్థమైనట్టు లేదు. నఫీసాకు మరిన్ని ఖర్జూరాలు పెట్టి, తిను తిను అని చేత్తో సైగ చేసింది. నఫీసా ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుంది.

దిగేటప్పుడు సగం దారిలో బండి ఆపమంది.

"ఆ గీత గీసింది నేనే మామా."

"మీ ఆఫీసే కదా. తెలుసు."

"అది కాదు. సాలిం నన్నే అడిగినాడు, ఎటు వేద్దామని. బాట సంగతి నువ్వు చెప్పింది నాకు గుర్తుండాది. కావాలనే చెప్పలేదు. నువ్వు మస్కట్ వస్తావని."

జిలాని స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

"నన్నడిగుంటే వచ్చేవాణ్ణేమో," అన్నాడు చివరికి.

"ఎన్నిసార్లు అడగలేదు నేను?"

"నిజమే," అన్నాడు. "అడిగినావు. నేనే చూద్దాం చూద్దాం అన్న్యా." మళ్ళీ బండి స్టార్ట్ చేశాడు.

శనివారం నఫీసా సాలిం గదిలోకి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే, ఒక నిమిషం పని. ఇప్పుడు రెండు కంపెనీల సంతకాలున్నాయి. రాసి పంపుతాను. ఒప్పుకుంటారని మాత్రం అనుకోకు."

ఒప్పుకోలేదు. జిలాని తన వంతుగా రుస్తాక్ కంపెనీలో చేరడానికి అడిగాడు. వాళ్ళు రమ్మన్నారు, కానీ అతని కంపెనీ వదిలేస్తున్నట్టు రిలీజ్ కాగితం ఇవ్వలేదు. వీసా ఆ పాత కంపెనీ చేతిలో ఉన్నప్పుడు చేసేదేముంది.

ఆ తర్వాత వాళ్ళు ఆ సంగతి ఎత్తలేదు. జిలాని ఆమెను ఒక్క మాట అనలేదు, ముందులాగే టీ పెట్టి ఇచ్చేవాడు, కూరగాయలు తెచ్చేవాడు. వాన మబ్బు పట్టిన రోజు మాత్రం కిటికీ దగ్గర నిలబడేవాడు. మస్కట్‌లో చినుకు పడేది కాదు. కొండల వైపు నల్లగా కమ్మి ఉండేది. నఫీసా వచ్చి పక్కన నిలబడేది. ఒకసారి అతని చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు.

"అన్నం పెట్టు, తిందాం," అన్నాడు.